గోరంత అడాప్టరు

పొదుపు సంఘం ఆఫీసులో పాత కంప్యూటరు ఉంది. దానికి వైఫై లేదు. లీడరమ్మ వైఫై అడాప్టరు కొని తెచ్చింది. అది బొటనవేలి గోరంత ఉంది. కంప్యూటరు వెనక యూఎస్‌బీ రంధ్రంలో పెట్టింది. నెట్ వచ్చింది. మళ్లీ పోయింది. ఆ రోజే బ్యాంకుకు లెక్కలు పంపాలి. లేకుంటే లోను ఆగిపోతుంది.

కోడలు వచ్చి చూసింది.

"ఇది చెడిపోలేదు అత్తయ్యా. ఇందులో యాంటెన్నా మరీ చిన్నది. పైగా ఇనప డబ్బా వెనక దాక్కుంది. ఇనుము వైఫై తరంగాలకు అడ్డం" అంది.

మూరెడు యూఎస్‌బీ వైరు తగిలించి, అడాప్టరును బల్ల మీదికి తెచ్చింది. నెట్ నిలబడింది. లెక్కలు వెళ్లాయి.

వైఫై తరంగాలు ముఖ్యంగా రెండు రకాలు. 2.4 గిగాహెర్ట్జ్ రకం గోడ దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ రకానికి వేగం ఎక్కువ. కాని గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. చవక అడాప్టర్లు కొన్నిటిలో మొదటి రకమే ఉంటుంది. కొనేముందు అట్టపెట్టె మీద ఈ అంకెలు చదవాలి.