ఒక్కనాటి వ్రతము

చెడు అలవాటును విడుచుట కష్టమని అందరును ఎరుగుదురు. విడిచినదానిని మరల దరిచేరనీయకుండుట అంతకంటె కష్టమని ఎరిగినవారు కొలదిమంది. మద్యపానమునకు బానిసయైనవాడు వైద్యశాలలో చేరును, కొన్నిదినములు చికిత్స పొందును, శరీరము తేరుకొనును. బంధువులు సంతోషముతో అతనిని ఇంటికి తోడ్కొని వత్తురు. కాని అతడు తిరిగి వచ్చునది పాత వీథికే, పాత చింతలకే, పాత స్నేహితుల నడుమకే. వైద్యశాల గడప దాటిన పిమ్మటనే అతని నిజమైన పరీక్ష ఆరంభమగును. ఆ పరీక్షలో ఒంటరివాడు నెగ్గుట అరుదనియు, తగిన తోడు దొరికినచో నెగ్గగలడనియు తమ జీవితములచే నిరూపించిన ఇద్దరి కథ యిది.

విలియం విల్సన్ 1895వ సంవత్సరము నవంబరు 26వ తేదీన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ఒక చిన్న పల్లెలో జన్మించెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున సైన్యములో చేరెను. ఆ దినములలోనే ఒక విందులో అతనికి మద్యము అలవడెను. యుద్ధము ముగిసిన పిమ్మట న్యూయార్క్ నగరమున వాటాల వ్యాపారములో ప్రవేశించి, కంపెనీల స్థితిగతులను పరిశోధించి చెప్పుటలో పేరు గాంచెను. ధనముతోపాటు త్రాగుడును పెరిగెను. 1929లో వాటాల ధరలు కూలినప్పుడు అతని సంపదయు కూలెను. త్రాగుడు మాత్రము మిగిలెను. భార్య లోయిస్ ఒక పెద్ద దుకాణమున కొలువుచేసి సంసారమును ఈడ్చుకొని వచ్చెను. ఇకమీదట త్రాగనని విల్సన్ ఇంటనున్న బైబిలు గ్రంథములో భార్యకు వ్రాసి యిచ్చెను. ఆ వాగ్దానము నిలువలేదు. మరల వ్రాసెను, అదియు నిలువలేదు.

1933, 1934 సంవత్సరములలో అతడు న్యూయార్క్‌లోని ఒక వైద్యశాలలో నాలుగు పర్యాయములు చేరెను. అచటి వైద్యుడు విలియం సిల్క్‌వర్త్ దయాళువు. త్రాగుడు కేవలము దుర్గుణము కాదనియు, అది ఒక వ్యాధియనియు ఆయన విల్సన్‌కు బోధించెను. ఆ మాట విన్నప్పుడు విల్సన్‌కు కొంత ధైర్యము కలిగెను. అయినను, వ్యాధి పేరు తెలిసినంతమాత్రమున వ్యాధి తొలగదు గదా! అతడు ఇంటికి పోయి మరల త్రాగెను.

1934 నవంబరులో చిన్ననాటి మిత్రుడొకడు అతనిని చూడవచ్చెను. ఆ మిత్రుడును పెద్ద త్రాగుబోతే. కాని ఆనాడు విల్సన్ అందించిన పాత్రను అతడు ముట్టలేదు. ఒక ధార్మిక బృందపు సహాయమున తాను త్రాగుడు మానితినని చెప్పెను. ఈ దృశ్యము విల్సన్ మనస్సును కలచివేసెను. మరుసటి నెలలో అతడు నాలుగవసారి వైద్యశాలలో చేరెను. ఆ డిసెంబరులో బయటికి వచ్చిన పిమ్మట జీవితాంతము అతడు మద్యము ముట్టలేదు. ఆశ్చర్యమేమనగా, దారి చూపిన ఆ మిత్రుడే తరువాత పలుమారులు త్రాగుడులో పడిలేచెను. ఈ వ్యాధి ఎంత మొండిదో దీనివలన తెలియును.

విల్సన్‌కు ఇప్పుడు ఒక ఉత్సాహము పుట్టెను. లోకములోని త్రాగుబోతులనందరిని బాగుచేయవలెనని వీథులలోను, వైద్యశాలలలోను వెదకి, వారిని తన యింటికి తెచ్చుకొని ఉపదేశము చేయసాగెను. అయిదు నెలలు గడచెను. ఒక్కడైనను త్రాగుడు మానలేదు. అతడు నిరాశ చెందగా భార్య ఒక సత్యమును గుర్తుచేసెను: వారెవ్వరును మానకపోయినను, విల్సన్ మాత్రము ఆ అయిదు నెలలు త్రాగకుండ ఉండెను. సిల్క్‌వర్త్ వైద్యుడు మరియొక సలహా యిచ్చెను. నీతులు చెప్పుట మాని, ఈ వ్యాధి ఎంత భయంకరమైనదో తన అనుభవమునే చెప్పుమనెను. ఈ రెండు మాటల విలువ విల్సన్‌కు కొలదికాలములోనే తెలియవలసియుండెను.

1935 మే నెలలో వ్యాపారపు పనిమీద విల్సన్ ఒహాయో రాష్ట్రములోని ఏక్రన్ పట్టణమునకు పోయెను. అది రబ్బరు టైర్ల తయారీకి ప్రసిద్ధిగన్న ఊరు. తలపెట్టిన పని చెడెను. జతగాండ్రు న్యూయార్క్‌కు వెడలిపోయిరి. చేతిలో పది డాలర్లు మాత్రమే మిగిలెను. మే 11వ తేదీ, శనివారము, సాయంకాలము. మేఫ్లవర్ హోటలు ముందు హాలులో అతడు ఒంటరిగా అటునిటు పచారు చేయుచుండెను. హాలునకు ఒక కొననున్న పానశాలనుండి నవ్వులు వినవచ్చుచుండెను. పరిచితులెవ్వరును లేని ఊరు, అడుగువారు లేరు, చూచువారు లేరు. ఒక్క గ్రుక్కెడు త్రాగినచో మనస్సు తేలికపడునన్న ఆలోచన మెల్లగా తలయెత్తెను.

ఆ క్షణమున అతనికి భయము పుట్టెను. త్రాగకుండ ఇంతకాలము తనను నిలిపినది యేదని ఆలోచించెను. సాటి త్రాగుబోతులతో మాటలాడుటయే తనను కాపాడినదని అప్పుడు తోచెను. వారికి తన అవసరము ఉన్నదని ఇంతవరకు తలచెను. వారి అవసరమే తనకు ఉన్నదని ఇప్పుడు గ్రహించెను. హాలు రెండవ కొనయందు టెలిఫోను ఉండెను. దాని ప్రక్కనే ఊరిలోని దేవాలయముల పట్టిక వ్రేలాడుచుండెను. అతడు పానశాలవైపు పోలేదు, టెలిఫోనువైపు నడచెను. ఒక మతగురువును పిలిచి, తానొక త్రాగుబోతుననియు, ఈ ఊరిలో తనవంటివాడు మరియొకడు ఉన్నయెడల అతనితో వెంటనే మాటలాడవలెననియు వేడుకొనెను. ఆ గురువు చెప్పిన పేర్లవారిని ఒకరి తరువాత ఒకరిని పిలిచెను. కడపట హెన్రియెటా సీబర్లింగ్ అను మహిళ అతని మాట ఆలకించెను. అట్టివానిని తాను ఎరుగుదునని ఆమె చెప్పెను.

ఆ రెండవవాడు రాబర్ట్ స్మిత్. 1879లో జన్మించిన ఈయన పేరెన్నికగన్న శస్త్రవైద్యుడు. ఇతరుల దేహములను బాగుచేయు ఆ చేతులు మద్యము లేనిదే వణకుచుండెను. ఆయన వైద్యశాలలలో చికిత్స పొందెను, ప్రార్థన సభలకు పోయెను, ధర్మగ్రంథములు చదివెను. ఏదియు ఫలింపలేదు. ఆ శనివారమునాడు భార్య యాన్‌కు కానుకగా ఒక పూలకుండీని తెచ్చి, తానే మైకముతో ఒడలెరుగక పడియుండెను. అందుచే మరునాడు, మే 12వ తేదీన, సాయంకాలము అయిదు గంటలకు హెన్రియెటా ఇంట ఇద్దరును కలిసికొనిరి. పదునైదు నిమిషములకంటె ఎక్కువ కూర్చుండనని భార్యకు చెప్పివచ్చిన స్మిత్, రాత్రి పదునొకండు దాటువరకు ఆ గదినుండి కదలలేదు.

విల్సన్ ఆయనకు ఉపదేశము చేయలేదు. తాను త్రాగిన విధము, దాచిన విధము, ప్రమాణములు తప్పిన విధము, భార్యను ఏడిపించిన విధము దాపరికము లేక చెప్పెను. త్రాగుడునుగూర్చి స్మిత్‌తో మాటలాడినవారు అదివరకు ఎందరో కలరు. కాని దానిని అనుభవించి మాటలాడినవాడు ఇతడే మొదటివాడు. వైద్యునికి ఇతర వైద్యులు చెప్పలేని సంగతి, ఒక తోటిరోగి చెప్పగలిగెను.

ఇంతటితో అంతయు చక్కబడలేదు. కొలదిదినములకు విల్సన్ స్మిత్ గారి యింటనే బస చేసెను. జూన్ నెలలో స్మిత్ అట్లాంటిక్ సిటీ నగరమున జరిగిన వైద్యుల మహాసభకు పోయి, దారిలోనే త్రాగ నారంభించి, మైకముతో తిరిగివచ్చెను. విల్సన్ నిందింపలేదు; విడిచిపోలేదు. యాన్‌తో కలిసి ప్రక్కనుండి సేవచేసెను. ఆ దినములలోనే స్మిత్ చేయవలసిన శస్త్రచికిత్స ఒకటి ఉండెను. జూన్ 10వ తేదీ ఉదయమున, చేతి వణకు అణగుటకై విల్సన్ ఆయనకు ఒక సీసా బీరు ఇచ్చెననియు, అదియే ఆయన త్రాగిన కడపటి మద్యమనియు చెప్పుదురు. చికిత్స ముగిసెను, కాని స్మిత్ ఇంటికి రాలేదు. గంటలు గడచెను. ఇంటివారు కలవరపడిరి. తుదకు ఆయన వచ్చి జరిగినది చెప్పెను: తాను బాకీపడినవారి యిండ్లకును, మనస్సు నొప్పించినవారి యిండ్లకును పోయి, తప్పు ఒప్పుకొని, దిద్దుకొందునని మాట యిచ్చి వచ్చెను. దాచుకొనుటకు ఏమియు మిగులకుండుటయే ఆయనకు బలమాయెను.

ఇద్దరును కలిసి వెంటనే మూడవవానిని వెదకిరి. ఏక్రన్ వైద్యశాలలో ఒక న్యాయవాది మైకమున దాదులను కొట్టి, మంచమునకు కట్టబడి యుండెను. ఇద్దరును అతని ప్రక్కన కూర్చుండి తమ కథలను చెప్పిరి. జూలై 4వ తేదీన అతడు భార్యతో వైద్యశాలనుండి బయటికి వచ్చెను, మరల త్రాగలేదు. ఈ ముగ్గురితో మొదటి సంఘము ఏర్పడెను.

1939లో ఈ సంఘీయులు తమ అనుభవములను, తాము నడచిన పండ్రెండు మెట్లను ఒక గ్రంథముగా ప్రకటించిరి. దాని పేరే సంఘమునకును స్థిరపడెను: ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు వెల్లడింపని త్రాగుబోతుల సంఘము. ఇందు చేరుటకు రుసుము లేదు. త్రాగుడు మానవలెనన్న కోరిక ఒక్కటే అర్హత. సభ్యులు నియమితదినములలో ఒక గదిలో చేరి, ఒక్కొక్కరు తమ అనుభవము చెప్పుకొందురు. తక్కినవారు అడ్డుపడక వినెదరు. క్రొత్తగా వచ్చినవానికి అనుభవజ్ఞుడొకడు తోడుగా నిలుచును. నడురేయి త్రాగవలెనన్న కోరిక పుట్టినను, సీసాను పట్టుటకు ముందు అతడు ఈ తోడును టెలిఫోనులో పిలువవచ్చును. జీవితాంతము త్రాగనని ఇచట ఎవ్వరును శపథము చేయరు. నేటికి, ఈ యిరువదినాలుగు గంటలకు త్రాగనని మాత్రమే నిశ్చయించుకొందురు. రేపటి వ్రతము రేపటిది. కొండంత భారమును ఒక్కసారి మోయలేనివాడు దానిని ఒక్కొక్క రాయిగా మోయగలడు.

వైద్యశాస్త్రమును ఈ మార్గమును పరస్పర విరోధులు కావు. త్రాగుడు మిక్కుటముగా అలవడినవాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. కావున తొలుత వైద్యుని సహాయము తప్పక కావలెను. కోరికను తగ్గించు మందులును నేడు కలవు. దైవమును ఆశ్రయించు ఈ మెట్లు రుచింపనివారికి ఇతర సంఘములు, సలహాదారులు కలరు. 2020లో ప్రకటింపబడిన ఒక సమీక్షలో పరిశోధకులు పదివేలమందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనములను పరిశీలించిరి. పూర్తిగా త్రాగకుండ నిలుచు విషయమున, ఈ సంఘమువైపు క్రమముగా నడిపించు చికిత్సలు తక్కిన ప్రసిద్ధ చికిత్సలకంటె మెరుగుగా ఉన్నవని వారు తేల్చిరి. ఏ మార్గమైనను, వైద్యశాలనుండి వచ్చిన పిమ్మట తోడు తెగిపోకుండుటయే ముఖ్యము.

త్రాగువాని బాధ అతని యొక్కనిదే కాదు. లోయిస్ విల్సన్ ఈ సంగతి ఎరిగినది గనుకనే, 1951లో మరియొక స్త్రీతో కలిసి కుటుంబీకులకు ప్రత్యేక సంఘమును నెలకొల్పెను. 1957లో అట్టి ఇండ్ల బాలబాలికలకును ఒక సంఘము ఏర్పడెను. ఇంటిలో పెద్దవారు త్రాగుటకు పిల్లలు కారణము కారు. దానిని మాన్పించు భారమును పిల్లలది కాదు. తమ బాధను నమ్మదగిన పెద్దవారితో చెప్పుకొనుట తప్పు కాదు. ఈ మూడు మాటలు అచట పిల్లలు మొట్టమొదట నేర్చుకొందురు. అదే 1957లో ఢిల్లీ నగరమున భారతదేశపు సంఘము మొదలయ్యెను. నేడు హైదరాబాదు మొదలగు తెలుగు నగరములలోను ఇట్టి సభలు జరుగుచున్నవి.

స్మిత్ వైద్యుడు సిస్టర్ ఇగ్నేషియా అను సన్న్యాసినితో కలిసి ఏక్రన్‌లోని సెయింట్ థామస్ వైద్యశాలలో దాదాపు అయిదువేలమంది త్రాగుబోతులకు రుసుము గైకొనక చికిత్స చేసెను. పదునైదు సంవత్సరములు మద్యము ముట్టక, 1950 నవంబరు 16వ తేదీన కన్నుమూసెను. విల్సన్ 1971 జనవరి 24వ తేదీన మరణించెను. యేల్ విశ్వవిద్యాలయము గౌరవపట్టము నీయదలచినప్పుడు ఆయన వినయముతో నిరాకరించెను. పేరు వెల్లడింపరాదన్న నియమము తనకును వర్తించునని ఆయన తలచెను.

ఏక్రన్ హోటలులో ఆ సాయంకాలము విల్సన్ పానశాలకు పోవక టెలిఫోనువైపు నడచిన దూరము కొలదియడుగులే. కాని ఆవలివైపున అతని పిలుపు నాలకించి, తలుపు తెరచిన మనిషి లేనియెడల ఆ నడక వ్యర్థమై యుండెడిది. చికిత్స పొంది మన ఊరికి తిరిగివచ్చినవానిని చూచి నవ్వక, మరల పడినచో వెలివేయక, అతని ఒక్కనాటి వ్రతమునకు తోడుపడుట ఇరుగుపొరుగువారు చేయదగిన సాయము.