పాయింట్ల దారిలో ఆస్ట్రేలియాకు: గుర్రంకొండ నుంచి బయల్దేరే ముందు

గుర్రంకొండ, రాయచోటి వైపు పల్లెల్లో విదేశమంటే చాలా ఇళ్లకు ఇప్పటికీ కువైటే. వీసా పంపేవారు ఒకరు, టికెట్ తీసేవారు ఒకరు, దిగాక ఎవరి మాట మీద బతకాలో ఆ కఫీల్ ఒకరు. అవే ఇళ్లలో ఇప్పుడు బీటెక్, బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్లలు ఆస్ట్రేలియా, కెనడా వైపు చూస్తున్నారు. చదువు మారింది, చూపు మారింది, పద్ధతి మాత్రం మారలేదు. మదనపల్లెలోనో బెంగళూరులోనో ఒక ఆఫీసులో డబ్బు కట్టి, ఫోను ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. వయసు, చదువు, అనుభవం, ఇంగ్లిషు వంటివాటికి పాయింట్లు లెక్కగట్టి వీసా ఇచ్చే దారిలో అలాంటి ఎదురుచూపు దండగ. ఈ లెక్క అందరికీ కనిపించేలా ప్రభుత్వమే రాసిపెట్టింది. ప్రతి పాయింటుకూ వెనక ఒక కాగితం ఉండాలి. ఆ కాగితాన్ని సంపాదించుకోవాల్సింది మీరే.

రాష్ట్రం పిలిచే వీసాలు

ఆస్ట్రేలియాలో నైపుణ్యం ఉన్నవారికి పాయింట్ల దారిలో ముఖ్యంగా 189, 190, 491 అనే నంబర్లతో మూడు వీసాలున్నాయి. 189కి ఏ రాష్ట్రం సిఫారసూ అక్కర్లేదు, కానీ పోటీ ఎక్కువ. 190కి ఒక రాష్ట్రం మిమ్మల్ని నామినేట్ చేయాలి. వస్తే నేరుగా శాశ్వత నివాసమే. మూడోది 491. ఇది 2019 నవంబరు 16న మొదలైంది. రాష్ట్రం నామినేట్ చేస్తే, లేదా రీజనల్ ప్రాంతంలో స్థిరపడిన దగ్గరి బంధువు స్పాన్సర్ చేస్తే ఐదేళ్లకు ఇస్తారు. షరతు ఒకటే: రీజనల్ ప్రాంతంలోనే ఉండాలి, అక్కడే పనిచేయాలి, చదివినా అక్కడే చదవాలి.

రీజనల్ అనగానే ఎడారి పల్లెలు అనుకోవద్దు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప దాదాపు మిగతా దేశమంతా ఆ కిందికే వస్తుంది. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, హోబర్ట్, గోల్డ్‌కోస్ట్ కూడా అందులోవే. కువైట్ వీసాకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. 491 మిమ్మల్ని ఒక ప్రాంతానికి కట్టేస్తుంది గానీ ఒక యజమానికి కట్టేయదు. ఉద్యోగం నచ్చకపోతే అదే ప్రాంతంలో మరోటి చూసుకోవచ్చు. భార్యాపిల్లల్ని అదే దరఖాస్తులో చేర్చవచ్చు. మెడికేర్ వైద్య సదుపాయం కూడా వర్తిస్తుంది.

లెక్క వేసి చూద్దాం

కనీసం 65 పాయింట్లు కావాలి. వీసాకు దరఖాస్తు చేసుకోమనే ఆహ్వానం వచ్చే నాటికి 45 ఏళ్లు నిండకూడదు. బెంగళూరులో పనిచేస్తున్న 29 ఏళ్ల సివిల్ ఇంజినీరు ఒకరున్నారనుకుందాం. 25 నుంచి 32 ఏళ్ల వయసుకు 30 పాయింట్లు. డిగ్రీకి 15. ఐదేళ్లు నిండిన అనుభవానికి 10. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 7 తెచ్చుకుంటే 10. పెళ్లి కాకపోతే 10. మొత్తం 75. దీనికి 190 నామినేషన్ 5 కలుపుతుంది, 491 నామినేషన్ అయితే 15. అంటే 491 దారిలో 90.

అదే వ్యక్తి ఇంగ్లిషులో నాలుగింటా 8 తెచ్చుకుంటే 10కి బదులు 20 వస్తాయి. అనుభవంలో ఒక మెట్టు పెరగడానికి ఏళ్లు పడతాయి, ఇంగ్లిషులో పెరగడానికి కొన్ని నెలల గట్టి సాధన చాలు. అందుకే చేతిలో ఉన్న సమయమంతా ముందు ఇంగ్లిషు మీదే పెట్టండి.

మనవాళ్లు తరచూ వదిలేసే 5 పాయింట్లు కూడా ఉన్నాయి. నాటి అనే సంస్థ నిర్వహించే సీసీఎల్ పరీక్షలో తెలుగు ఉంది, ఉర్దూ కూడా ఉంది. ఇద్దరి సంభాషణను ఒక భాష నుంచి మరో భాషలోకి అప్పటికప్పుడు చెప్పాలి. 90కి 63 మార్కులు, రెండు సంభాషణల్లో ఒక్కోదానికి 45కి 29 తప్పనిసరి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే గుర్రంకొండ పిల్లలకు ఏది ఎంచుకోవాలో తేల్చుకునే వీలుంది.

అయితే 65 దాటగానే పిలుపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది అర్హత గీత మాత్రమే. పిలిచేది ఎక్కువ పాయింట్లున్నవారిని, రాష్ట్రానికి అవసరమైన వృత్తుల వారిని.

ఏ రాష్ట్రం?

బావ మెల్‌బోర్న్‌లో ఉన్నాడనో స్నేహితుడు పెర్త్‌లో ఉన్నాడనో రాష్ట్రాన్ని ఎంచుకోకండి. మీ వృత్తిని ఏ రాష్ట్రం కోరుతోందో చూసి ఎంచుకోండి. ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం ఏటా ఒక్కో రాష్ట్రానికి కొన్ని స్థానాలు కేటాయిస్తుంది. అక్కడి లెక్కలో ఏడాది జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. రాష్ట్రాలు జాబితాలు తెరుస్తాయి, నిండాక మూసేస్తాయి. నిన్నటి ధర పట్టుకొని ఈరోజు మదనపల్లె మార్కెట్‌కు టమోటా లారీ పంపం కదా. నిరుటి జాబితా చూసి ఈ ఏడు దరఖాస్తు పెట్టడమూ అంతే. ఆయా రాష్ట్ర ప్రభుత్వాల వెబ్‌సైట్లే చూడండి. ఇప్పటికే అక్కడ ఉంటున్నవారికి కొన్ని రాష్ట్రాలు మొగ్గు చూపుతాయి. భారత్ నుంచి పెట్టేవారికి ఏ విభాగం తెరిచి ఉందో ప్రత్యేకంగా చదవండి.

ఎక్కువమంది ఆగిపోయే చోటు కాగితాలే

ముందు స్కిల్ అసెస్‌మెంట్ కావాలి. ఐటీ వారికి ఏసీఎస్, ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, నర్సులకు ఏఎన్‌మ్యాక్, ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడ్ల వారికి ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా. ఇంజినీర్లలో చాలామంది తాము చేసిన పనుల గురించి మూడు కథనాలతో సీడీఆర్ అనే నివేదిక రాయాలి. దీన్ని రెడీమేడ్‌గా అమ్మేవారున్నారు. కొనకండి. కాపీని పట్టుకునే ఏర్పాటు ఇంజినీర్స్ ఆస్ట్రేలియాకు ఉంది. దొరికితే కొంతకాలం మళ్లీ దరఖాస్తే పెట్టనివ్వరు. ఐటీ వారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మొదటి కొన్నేళ్ల అనుభవాన్ని ఏసీఎస్ అర్హత కింద తీసేసి, మిగిలినదాన్నే లెక్కకు ఇస్తుంది.

అనుభవానికి లెటర్‌హెడ్ మీద ఒక్క వాక్యం సర్టిఫికెట్ చాలదు. హోదా, చేరిన తేదీ, చేసిన పనుల వివరం, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, సంతకం చేసినవారిని ఎలా సంప్రదించాలి అన్నీ ఉండాలి. వారానికి కనీసం 20 గంటలు, గత పదేళ్లలో చేసిన పనే పాయింట్లకు లెక్క. మన దగ్గర చిన్న ఆసుపత్రులు, బిల్డర్లు జీతాన్ని నగదుగా చేతిలో పెడతారు. ఈ నెల నుంచే జీతం బ్యాంకులో వేయమని అడగండి. పీఎఫ్, ఫారం 16, పే స్లిప్పులు దాచండి. రుజువు లేని ఐదేళ్ల కష్టం పాయింట్ల పట్టికలో సున్నా.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ నెలలు తినేస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఇనిషియల్, పాస్‌పోర్టులో వెనక, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ముస్లిం కుటుంబాల్లో ఒంటి పేరుతో పాస్‌పోర్టు ఉన్నవారూ ఉన్నారు. పరీక్ష ఫీజు కట్టే ముందే అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పదో తరగతి మెమోకు తగ్గట్టు పాస్‌పోర్టును సరిచేయించుకుని, ఆ పేరుతోనే మిగతావన్నీ నడపండి.

ఏజెంటు, డబ్బు

ఏజెంటు లేకుండానే దరఖాస్తు పెట్టవచ్చు. సాయం కావాలనుకుంటే ఆస్ట్రేలియా రిజిస్టర్‌లో ఏడంకెల నంబరు ఉన్నవారినే ఎంచుకోండి. ఆ నంబరును ఆన్‌లైన్‌లో మీరే సరిచూసుకోండి. ఆస్ట్రేలియా బయట పనిచేసే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి మన ఊళ్లలో బోర్డు ఉన్నంత మాత్రాన బాధ్యత ఉన్నట్టు కాదు. నామినేషన్ గ్యారంటీ అన్నవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. నకిలీ అనుభవ పత్రం పెట్టి పట్టుబడితే ఆస్ట్రేలియా మూడేళ్లు, కెనడా ఐదేళ్లు తలుపు మూసేస్తాయి. శిక్ష పడేది సంతకం చేసిన మీకే.

491 వీసా ఫీజే ఒక్కరికి నాలుగు వేల ఆస్ట్రేలియా డాలర్లకు పైన. పరీక్షలు, అసెస్‌మెంట్, వైద్య పరీక్ష, టికెట్లు, దిగాక ఉద్యోగం దొరికేదాకా ఇంటద్దె దీనికి అదనం. ఈ మొత్తాన్ని వడ్డీకి తెచ్చి బయల్దేరకండి. అప్పు మీద వెళ్లినవారు దొరికిన మొదటి పనిలోనే ఇరుక్కుపోతారు, చదివిన వృత్తి చేజారుతుంది.

కెనడా మాట

కెనడాలో ప్రావిన్స్ నామినేషన్ వస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే అక్కడి పాయింట్ల పద్ధతిలో ఏకంగా 600 పాయింట్లు కలుస్తాయి. కానీ అక్కడి విధానం వేగంగా మారుతోంది. ఈ నామినేషన్ల లక్ష్యాన్ని 2024లో ఉన్న 1,10,000 నుంచి 2025కు 55,000కు తగ్గించారు. 2026కు 91,500గా పెట్టారు. ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను 2025 మార్చిలో ఎత్తేశారు. ఆ ఆఫర్లను ఇంకా పాయింట్ల పేరుతో అమ్మేవారిని దూరం పెట్టండి. రెండు దేశాలకూ పనికొచ్చేవి బలమైన ఇంగ్లిషు, గట్టి అనుభవ పత్రాలే.

వరుస ఇదీ

మళ్లీ ఆస్ట్రేలియా సంగతికి వస్తే, ముందు పేర్లు సరిచేయించుకోండి. తర్వాత ఇంగ్లిషు పరీక్ష, ఆపైన అసెస్‌మెంట్. అది చేతికొచ్చాక స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ఆసక్తి నమోదు చేయాలి. అది రెండేళ్లు నిలుస్తుంది. రాష్ట్రానికి దరఖాస్తు అప్పుడే. నామినేషన్ వచ్చి ఆహ్వానం అందాక వీసాకు 60 రోజులే గడువు. పోలీసు క్లియరెన్స్ వంటివి ఎక్కడ, ఎలా తీసుకోవాలో ముందే కనుక్కుని ఉండాలి.

491తో వెళ్లినవారు ఆ వీసా మీద మూడేళ్లు నిండాక, మూడు సంవత్సరాల పన్ను పత్రాలు చూపి 191 శాశ్వత వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. పన్ను లెక్కలోకి రాని చేతి జీతం అక్కడా అక్కరకు రాదు. రాష్ట్రం మిమ్మల్ని నామినేట్ చేసేది తన ఊళ్లలో మనుషులు కావాలని. కాబట్టి మొదటి రూపాయి ఖర్చు పెట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క విషయం తేల్చుకోండి: తెలిసినవారు లేని ఊళ్లో మూడేళ్లకు పైగా నిలబడి పనిచేయగలమా? అందరూ అవునంటే నిశ్చింతగా మొదలుపెట్టండి. కాదంటే 189కి సరిపడా పాయింట్లు పెంచుకోండి, లేదా బెంగళూరులోనే మంచి ఉద్యోగం చూసుకోండి. ఇష్టం లేని ఊరికి పేరు రాసి, దిగీ దిగగానే సిడ్నీ రైలెక్కితే వీసా షరతు తప్పినట్టే. అంత ఖర్చు, అంత శ్రమ పెట్టి ఆ ముప్పు కొని తెచ్చుకోవద్దు.