జనరేటరు వోల్టేజి తప్పినప్పుడు

మన యాలాల్, తాండూరు ప్రాంతంలో నాపరాళ్ళ పాలిషింగు యూనిట్లలోనూ, ఫంక్షన్ హాళ్ళలోనూ కరెంటు పోగానే డీజిల్ జనరేటరు ఎక్కుతుంది. దాని వోల్టేజి తగ్గితే లోడు మీదున్న మోటారు ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి కాలిపోతుంది. పెరిగితే బల్బులు, స్టార్టర్లు పోతాయి. ఏది జరిగినా ముందుగా వినిపించే మాట "రెగ్యులేటరు కార్డు పోయింది, మార్చు" అని. కార్డు మారుతుంది, జబ్బు అలాగే ఉంటుంది, డబ్బు దండగ!

దీనికి ఆధారం 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే. వోల్టేజి ముఖ్యంగా రెండింటిని బట్టి పుడుతుంది: తిరిగే వేగం, అయస్కాంత బలం. వేగం చూసేది ఇంజను గవర్నరు. అయస్కాంత బలం చూసేది రెగ్యులేటరు. నీళ్ళు పెట్టేవాడు మడవ కాస్త తీసి, కాస్త మూసి పారకం సరిచేసినట్లే, ఇది ఫీల్డు కరెంటును సరిచేస్తుంది. కనుక వరుసగా చూసుకుంటూ రావాలి.

1. వేగం: నాలుగు ధ్రువాల యంత్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయి 1400కు దిగితే 46.7 మాత్రమే. అప్పుడు చాలా రెగ్యులేటర్లు కావాలనే వోల్టేజి తగ్గిస్తాయి. అది రక్షణ, దోషం కాదు.

2. అవశేష అయస్కాంతత్వం: చాలాకాలం ఊరకే ఉన్న యంత్రంలో ఇది నశిస్తే వోల్టేజి అసలు పుట్టదు. రెగ్యులేటరు తీగలు విప్పి, ఎక్సైటరు ఫీల్డుకు 12 వోల్టుల బ్యాటరీని ప్లస్సు, మైనస్సు తప్పకుండా క్షణకాలం కలిపితే తిరిగి వస్తుంది.

3. బ్యాటరీ పరీక్ష: బ్రష్షులు లేని చాలా రకాలలో, లోడు తీసేసి, సరైన వేగంతో నడుపుతూ అదే బ్యాటరీ ఇవ్వాలి. మూడు ఫేజుల మధ్యా సమానంగా 415కు దగ్గరగా వస్తే యంత్రం మంచిదే. అనుమానించవలసింది రెగ్యులేటరును, దాని తీగలను. సమానంగానే వచ్చి బాగా తక్కువైతే రోటరు మీది డయోడ్లు చూడాలి. ఫేజుకూ ఫేజుకూ తేడా ఉంటే స్టేటరు వైండింగు చెడినట్లు.

4. వోల్టేజి పెరిగితే: రెగ్యులేటరుకు వోల్టేజి తెలిపే తీగ వదులైందేమో చూడాలి. కొన్ని రకాలలో ఆ తీగ తెగితే, వోల్టేజి లేదనుకొని మడవ మొత్తం ఎత్తేస్తుంది!

తీగలు విప్పేది, కలిపేది ఇంజను ఆపాకే. పరీక్షలో పుట్టే 415 వోల్టులు ప్రాణం తీయగలవు. తెలిసినవారు పక్కన లేనిదే చేయరాదు. ఛేంజోవరు స్విచ్చి లేకుండా జనరేటరును ఇంటి లైనుకు కలపనే కూడదు. ఆ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరు ఎక్కితే 11,000 వోల్టులు కాగలదు. అప్పుడు స్తంభం మీద లైన్‌మన్ ఉండవచ్చు.