మెయిన్ ఆపినా డాబా మీద కరెంటు ఆగదు

మాదాపూర్, కొండాపూర్, మణికొండల్లో డాబాల మీద ఇప్పుడు నీళ్ల ట్యాంకుల పక్కనే నీలిరంగు ప్యానెళ్లు, గాజు ట్యూబుల హీటర్లు కనిపిస్తున్నాయి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పెట్టించుకోవలసిందే. అయితే ఇంట్లోని మిగతా సామాన్లను ఆపినట్టు వీటిని ఆపలేం. ఎండ ఉన్నంతసేపూ అవి పనిచేస్తూనే ఉంటాయి.

చేయవలసినవి

బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేడినీళ్లు కలపండి. కరెంటు గీజరు అనుకున్న వేడి దగ్గర ఆగిపోతుంది. సోలార్ ట్యాంకుకు ఆ అడ్డు లేదు. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చేస్తాయి. పసిపిల్లలకు అంతసేపు కూడా పట్టదు. పండక్కి ఊరెళ్లి వారం తర్వాత వచ్చిన రోజు మరీ జాగ్రత్త, ఎవరూ వాడక నీళ్లు రోజురోజుకూ వేడెక్కి ఉంటాయి. వెళ్లేముందు ట్యూబుల మీద మందపాటి గుడ్డ కప్పండి. చిన్నపిల్లలున్న ఇంట్లో వేడిని అదుపు చేసే మిక్సింగ్ వాల్వు పెట్టించాకే మిగతా ఖర్చుల సంగతి చూడాలంటాను.

ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోస్తూనే ఉండండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి. మే నెలలో మన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి కాబట్టి సంపు నీళ్లో, తాగేనీళ్లో వాడండి.

200 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే 200 కిలోలు. దాన్ని బీము మీద నిలపమనండి. వేసవి ఈదురుగాలులకు ప్యానెళ్ల స్టాండు కదలకుండా బిగించారో లేదో దగ్గరుండి చూసుకోండి. ఎర్తింగ్ సంగతి అడిగి మరీ చేయించుకోండి. ప్యానెళ్ల కరెంటును తెంచే స్విచ్చు, డీసీ ఐసోలేటర్, ఎక్కడుందో ఇంట్లో అందరికీ, వాచ్‌మన్‌కు కూడా చూపించండి.

చేయకూడనివి

మెయిన్ ఆపాం కదా అని ప్యానెళ్ల తీగలు ముట్టుకోవద్దు. ఎనిమిది ప్యానెళ్లు వరసగా కలిపితే 300 వోల్టులు దాటుతుంది. ఆ కరెంటు ఎండలోంచి వచ్చేది, స్తంభం మీంచి కాదు. కరెంటు నడుస్తుండగా కనెక్టరు ఊడదీస్తే మంట లేస్తుంది, ఒక పట్టాన ఆరదు. పొగ కనిపిస్తే నీళ్లు చల్లకండి. అందుబాటులో ఉంటే ఐసోలేటర్ ఆపి, అందరూ కిందికి దిగి 101కి ఫోన్ చేయండి. డాబా మీద సోలార్ ఉందని ఫైర్ సిబ్బందికి ముందే చెప్పండి.

కరెంటు పోయినప్పుడు, ఇంత ఎండ ఉన్నా మన ఇంట్లో ఫ్యాను తిరగదేమని చాలామంది అడుగుతారు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు అప్పుడు ఆగిపోవాలి. మన ప్యానెళ్ల కరెంటు తీగలోకి వెనక్కి పారితే, మరమ్మతుకని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే ఇన్వర్టరు ఆగిపోయే ఆ ఏర్పాటును తప్పించే తీగ ఎవరు కలుపుతామన్నా ఒప్పుకోవద్దు. జనరేటరును సొంతంగా ఇంటి లైనుకు తగిలించవద్దు.

కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు కట్టడాల దుమ్ము వారంలోనే పేరుకుంటుంది. అయినా మధ్యాహ్నం కడగొద్దు, ప్యానెళ్ల మీద కాలు పెట్టొద్దు. పొద్దున్నే, పొడవాటి కర్రకు కట్టిన మెత్తటి గుడ్డతో తుడవండి. బోరునీళ్లు వాడితే తెల్లమరకలు పడతాయి. ఖాళీగా ఎండిన హీటరు ట్యూబుల్లోకి పట్టపగలు నీళ్లు వదిలితే గాజు పగులుతుంది, పొద్దువాలాక నింపండి. హీటరు గాలిపైపు నుంచి నీళ్లు చిమ్ముతున్నాయని దానికి మూత బిగించడం అన్నిటికన్నా ప్రమాదం. ఆవిరికి ఉన్న దారి అదొక్కటే.

సంక్రాంతికి డాబాల నిండా పిల్లలే. మాంజా ప్యానెళ్ల కింద చిక్కుకుంటే లాగడానికి ఎవర్నీ పోనివ్వకండి. దారం తెంపేసి, కొత్త పతంగి కొనివ్వండి.