తెరమీఁది సంభాషణము

విజయనగరమందలి విద్యార్థి శ్రీకాకుళమందలి మిత్రునితో కంప్యూటరు తెరపై వ్రాఁతమూలమున మాటాడు విధమును మేమిచట వివరింతుము.

1971లో యూనిక్సునందు వెలసిన ‘రైట్’ అను ఆజ్ఞ ఒకే కంప్యూటరును వాడువారి మధ్య పంక్తులను చేరవేయును. 1983లో బర్క్లీ యూనిక్సుతో వచ్చిన ‘టాక్’ వేర్వేరు కంప్యూటర్లవారిని కలిపెను. పిలువఁబడినవాఁడు తానును ‘టాక్’ అని బదులిచ్చిననే తెర రెండు భాగములగును. మన వ్రాఁత పైభాగమున, మిత్రుని వ్రాఁత క్రిందిభాగమున అక్షరమక్షరముగాఁ గనఁబడును. మన తప్పులు, దిద్దుబాట్లు సైతము అతఁడు చూచును.

‘రైట్’నం దిరువురు నొక్కమారే వ్రాసినచో పంక్తులు కలగలియును. కావున తన వంతు ముగియఁగనే ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమును, సంభాషణాంతమున రెండు ‘ఓ’లను వ్రాయుట మర్యాద. పనిలోనున్నవాఁడు ‘మెస్గ్ ఎన్’ అను ఆజ్ఞచే పిలుపులను నిలుపవచ్చును. అందులకు మిత్రుఁడు నొచ్చుకొనరాదు.

విద్యార్థులారా, ఎదుటివాని మాట ముగియువఱకు వేచియుండుటను యంత్రము నేర్పఁజాలదు. దానిని మనమే అలవఱచుకొనవలెను.