ఎన్నికల ఫలితమును చదువు విధము

పరీక్షా ఫలితములు వెలువడిన దినమున విద్యార్థి మొదట తన సంఖ్యను వెదకును. పిమ్మట స్నేహితుని సంఖ్యను వెదకును. దేశమున ఎన్నికల ఫలితములు వెలువడునప్పుడు ఓటరులు చేయునదియు నిట్టిదియే. తాము కోరినవారు గెలిచిరా, ఓడిరా యని చూతురు. గెలిచినచో బాణసంచా కాల్తురు. ఓడినచో వీధి తలుపు మూసికొందురు. అంతతో ఫలితమును విన్నట్లగును గాని చదివినట్లు కాదు. చదువ నేర్వనివాడు గెలుపునందు గర్వించును, ఓటమియందు పగపట్టును. ఈ రెండింటివలనను ఊరికి కీడే కలుగును. కొన్ని సంవత్సరములలో ఓటు హక్కును పొందబోవు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యెంచి, 1977వ సంవత్సరపు లోక్‌సభ ఎన్నికను పాఠముగా గైకొని యీ విషయమును వివరింపదలచితిమి.

1. ఆ యెన్నిక వచ్చిన విధము

1975వ సంవత్సరము జూన్ 25వ తేది రాత్రి దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిపక్ష నాయకులు పెక్కురు విచారణ లేకయే చెరసాలల పాలైరి. అధికారుల అనుమతి లేనిదే పత్రికలు వార్తలను ప్రకటింప వీలులేకపోయెను. ఆంధ్రప్రదేశ్‌లోను రచయితలు, రాజకీయ కార్యకర్తలు నిర్బంధింపబడిరి. ఉత్తర భారతమున కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకై 1976లో జరిగిన బలవంతము గ్రామములను భయపెట్టెను. ఢిల్లీలో తుర్క్‌మాన్ గేటు వద్ద బీదల యిండ్లు కూల్చివేయబడెను.

1977 జనవరి 18న ప్రధానమంత్రి ఇందిరా గాంధీగారు ఎన్నికలను ప్రకటించిరి. నాలుగు ప్రతిపక్షములు కలసి జనతా పార్టీగా ఏర్పడెను. మార్చి 16 మొదలు 20 వరకు పోలింగు జరిగెను. ఆనాడు 21 ఏండ్లు నిండినవారికే ఓటుండెను. 18 ఏండ్లవారికి ఆ హక్కు 1989లో లభించెను. చీటీలను చేతితో లెక్కించు కాలమగుటచే ఫలితము గంటగంటకు కొంచెము కొంచెముగా తెలియవచ్చెను.

2. ఒకే వార్త, రెండు మనస్సులు

ఢిల్లీ నగరమున పత్రికా కార్యాలయముల యెదుట జనులు గుమిగూడి ఫలితములకై రాత్రి పొద్దుపోవు వరకు వేచియుండిరి. రాయబరేలీలో ఇందిరా గాంధీగారు రాజ్ నారాయణ్ చేతిలో 55 వేలకు పైబడిన ఓట్ల తేడాతో ఓడిపోయిరి. అమేథీలో ఆమె కుమారుడు సంజయ్ గాంధీయు ఓడెను. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానములకును, బీహారులో 54 స్థానములకును కాంగ్రెసునకు ఒక్కటియు దక్కలేదు. మొత్తము 542 స్థానములలో ఆ పక్షమునకు వచ్చినవి 154. ఉత్తరదేశపు వీధులలో జనులు పండుగ చేసికొనిరి.

ఆంధ్రప్రదేశ్ మాట వేరు. ఇచట 42 స్థానములలో 41 కాంగ్రెసునకే లభించెను. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా పార్టీ పక్షమున నీలం సంజీవరెడ్డిగారు గెలిచిరి. కాబట్టి నాటి తెలుగు ఓటరులలో పెక్కుమంది స్థితి విచిత్రమైనది. వారు ఓటు వేసినవారు తమ యూరిలో గెలిచిరి, దేశమున ఓడిరి. ఉత్తరదేశపు గ్రామములను తాకిన బలవంతము ఇచటి గ్రామములను అంతగా తాకలేదు. ఇండ్ల స్థలములు, ఋణములు మొదలగు కార్యక్రమములవలన బీదలలో ఆ పక్షమునకు బలముండెను.

తెలుగువారు స్వేచ్ఛ విలువ నెరుగరని ఉత్తరదేశస్థుడును, ఉత్తరదేశస్థులు మేలు మరచినవారని తెలుగువాడును తలపోయుట మిక్కిలి సులభము. అయితే ఎవరి ఓటు వారి యనుభవమునుండి పుట్టినది. ఎదుటివాని ఓటును నిందించుటకు ముందు అతని యింట ఏమి జరిగెనో విచారింపవలెను.

3. లెక్కను చూడవలెను

విద్యార్థులారా, ఇచట మీ గణితము అక్కరకు వచ్చును. మన ఎన్నికలలో ఒక్కొక్క నియోజకవర్గమున ఎక్కువ ఓట్లు వచ్చినవాడొక్కడే గెలుచును. తక్కినవారి ఓట్లకు స్థానము లభింపదు. ఆ యెన్నికలో ఉత్తరప్రదేశ్‌లో నూటికి సుమారు 25 మంది కాంగ్రెసునకు ఓటు వేసిరి, స్థానము లేదు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 57 మంది కాంగ్రెసునకును, 32 మంది జనతా అభ్యర్థులకును ఓటు వేసిరి. స్థానములు మాత్రము 41, 1గా విడిపోయెను.

ఈ యంకెలను వీధిలోనికి తెచ్చి చూడుడు. పది యిండ్ల తెలుగు వీధిలో మూడిండ్లవారు జనతాకు ఓటు వేసినట్లగును. పది యిండ్ల ఉత్తరప్రదేశ్ వీధిలో రెండు మూడిండ్లవారు కాంగ్రెసునకు వేసినట్లగును. పటముపై రాష్ట్రమంతటికి ఒకే రంగు పూసినప్పుడు ఈ యిండ్లు కనబడవు. కాని యవి యున్నవి. బాణసంచా కాల్చువాని పొరుగింటనే ఓడినవాడు కాపురమున్నాడు. మరునాడు వారిద్దరును ఒకే కాలువ నీటిని పంచుకొనవలెను, ఒకే బావికి పోవలెను, ఒకరి యింట చావు వచ్చినచో మరియొకరు భుజము పట్టవలెను.

పెద్దలు దీనిని మరచినచో పిల్లలును మరతురు. ఫలితములు వచ్చిన మరునాడు ఒకే బల్లపై కూర్చుండు బాలురిద్దరు, తమ తండ్రుల పక్షములు వేరగుటచే, వారము దినములు మాటలాడుకొనకుండుట మేము చూచియున్నాము. ఆ బాలురిలో ఎవరికిని ఓటు లేదు. ఆ కోపమంతయు ఇంటినుండి తెచ్చుకొన్నదే.

4. ఓడినవారును గెలిచినవారును చేసినది

మార్చి 21న అత్యవసర పరిస్థితి ఎత్తివేయబడెను. 22న ఇందిరా గాంధీగారు ప్రజల తీర్పును అంగీకరించి రాజీనామా నిచ్చిరి. 24న మొరార్జీ దేశాయిగారు ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కేంద్రాధికారము ఒక పక్షమునుండి మరియొక పక్షమునకు మారుట అదియే మొదటిసారి. అందులకు నాలుగు దినములు చాలెను. ఒక్క తుపాకి అక్కరలేకపోయెను. తెలుగువారు గెలిపించిన 41 మందియు ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండిరి. అంతకుముందు జరిగిన నిర్బంధములను దీనివలన మరువదగదు. అయినను ఓటమిని ఒప్పుకొనుటయు రాజ్యధర్మమే యని గ్రహింపవలెను.

గెలిచినవారు తమ గెలుపును శాసనముగా మార్చిరి. 1978లో పార్లమెంటు ఆమోదించిన 44వ రాజ్యాంగ సవరణవలన "ఆంతరంగిక కల్లోలము" అను కారణముపై అత్యవసర పరిస్థితిని విధించుటకు వీలులేకపోయెను. "సాయుధ తిరుగుబాటు" ఉండవలెననిరి. ప్రాణమునకును వ్యక్తి స్వాతంత్ర్యమునకును ఉన్న రక్షణను అత్యవసర పరిస్థితిలోనైనను నిలిపివేయరాదని నిర్ణయించిరి. ఈ రక్షణ గెలిచినవారికి మాత్రమే కాదు. ఓడినవారికిని, ఓటు లేని పసిపిల్లలకును చెందినది.

నంద్యాలలో గెలిచిన సంజీవరెడ్డిగారు లోక్‌సభ అధ్యక్షులై, అదే సంవత్సరము జూలైలో పోటీ లేకయే రాష్ట్రపతిగా ఎన్నుకొనబడిరి. నాలుగు నెలలకు ముందు రాష్ట్రమంతటను ఒంటరిగా నిలిచిన జనతా సభ్యుడు, అన్ని పక్షములవారి సమ్మతితో దేశమున ప్రథమ పౌరుడాయెను.

5. కాలమును చూడవలెను

జనతా ప్రభుత్వము 1979లో కూలిపోయెను. 1980 జనవరి ఎన్నికలలో ఇందిరా కాంగ్రెసునకు 353 స్థానములు వచ్చెను. మూడేండ్లకు ముందు ఒక్క స్థానము నీయని ఉత్తరప్రదేశ్ 51 స్థానముల నిచ్చెను. ఇందిరా గాంధీగారు రాయబరేలీలోను, నేడు తెలంగాణలోనున్న మెదక్‌లోను గెలిచి, మెదక్ స్థానమునే ఉంచుకొనిరి.

1984 డిసెంబరులో దేశము కాంగ్రెసునకు 404 స్థానముల నిచ్చి ముంచెత్తగా, ఆంధ్రప్రదేశ్ 30 స్థానములను తెలుగుదేశము పార్టీకి ఇచ్చెను. ఒక ప్రాంతీయ పక్షము లోక్‌సభలో ప్రతిపక్షములన్నిటిలో పెద్దదాయెను. అప్పుడే హనుమకొండలో పి.వి. నరసింహారావుగారు ఓడిపోయిరి. ఆయన 1991లో ప్రధానమంత్రి యైరి. అదే సంవత్సరము ఉపయెన్నికలో లోక్‌సభకు ఆయనను పంపినది నంద్యాలయే.

కావున నేటి ఫలితము ఐదేండ్లకు వ్రాసియిచ్చిన పత్రము వంటిది. శాశ్వత దస్తావేజు కాదు. గెలిచినవాడు దానిని తిరిగి లెక్క చెప్పవలసిన దినము వచ్చును. ఓడినవాడు తన మాటను మరల వినిపించు దినమును వచ్చును. ఆ దినము తప్పక వచ్చునట్లు చూచుటయే గెలిచినవారికిని ఓడినవారికిని ఉమ్మడి కర్తవ్యము. ఎన్నికలు సకాలమున జరుగుచున్నవా, పత్రికలు నిర్భయముగా వ్రాయుచున్నవా, ఓడినవారు చెరసాలలో గాక సభలో కూర్చున్నారా యని ప్రతి ఓటరును విచారించుచుండవలెను. తలిదండ్రులు ఇంట ఫలితములను గూర్చి మాటలాడునప్పుడు పిల్లలు వినుచున్నారని జ్ఞాపకముంచుకొందురుగాక. మా వినతి యింతే.

అభ్యాసము

1. ఒక నియోజకవర్గమున ముగ్గురు అభ్యర్థులకు నూటికి 40, 35, 25 చొప్పున ఓట్లు వచ్చినవి. గెలిచినవానికి ఓటు వేయనివారు నూటికి ఎందరు?
2. 1977లో ఉత్తరప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ ఓటరులు వేర్వేరుగా తీర్పు చెప్పుటకు కారణములను వ్రాయుడు.
3. 44వ రాజ్యాంగ సవరణ ఓడినవారిని కూడ ఎట్లు కాపాడును?
4. మీ యింటివారు ఓటు వేసిన అభ్యర్థి ఓడిపోయెననుకొనుడు. గెలిచిన పక్షమునకు చెందిన మీ స్నేహితునకు ఒక లేఖ వ్రాయుడు.