చేతికి కట్టు ఉన్నప్పుడు వుజూ, నమాజు

బొగ్గుబాయి పనిలో చేతులే జీవనాధారం. గోదావరిఖని, రామగుండం గనుల్లో తట్టా, చెమ్మస్‌తో బొగ్గెత్తిన తరం ఉంది. డ్రిల్లు మిషన్ పట్టి రంధ్రాలు వేసిన వారున్నారు. ఇళ్ళలో బట్టలు కుట్టే, బీడీలు చుట్టే సోదరీమణులూ ఉన్నారు. ఇలాంటి చేతులకు వచ్చే ఒక జబ్బు గురించి, దాని ఆపరేషన్ తరువాత వుజూ, నమాజు ఎలా చేయాలన్న దాని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

జబ్బు ఏమిటి?

మణికట్టు దగ్గర ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు ఒక ముఖ్యమైన నరం అందులో నుంచే అరచేతిలోకి వస్తాయి. ఆ దారిలో వాపు వస్తే నరం నలుగుతుంది. దీన్నే డాక్టర్లు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలులో సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చేయి విదిలించుకోవలసి వస్తుంది.

షుగర్, థైరాయిడ్ జబ్బులున్న వారిలో, గర్భిణులలో ఇది ఎక్కువ. చేతితో పట్టుకునే కంపించే యంత్రాలతో ఏళ్ళ తరబడి పని చేసినా రావచ్చు. బ్రిటన్ ప్రభుత్వం 1993లోనే, అలాంటి యంత్రాలతో పని చేసేవారికి వచ్చినప్పుడు దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది.

మొదట్లోనే చూపించుకుంటే రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవడం, అవసరమైతే ఒక ఇంజెక్షన్‌తో చాలామందికి ఉపశమనం లభిస్తుంది. అలా తగ్గకపోయినా, బొటనవేలి మొదట ఉన్న కండ కరిగిపోతున్నా ఆపరేషన్ చేసి ఆ గట్టి పట్టీని కోస్తారు. నరానికి చోటు దొరుకుతుంది. సాధారణంగా చేయి వరకే మత్తు ఇస్తారు. అదే రోజు ఇంటికి పంపుతారు. కానీ ఆలస్యం చేస్తే కరిగిన కండ, పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అడిగి తెలుసుకోవాలి

కొందరు చేతికి కట్టు ఉంటే వుజూ కుదరదని, నమాజులు పోతాయని భయపడి ఆపరేషన్ వాయిదా వేస్తారు. మరికొందరు కట్టు ఉన్నన్ని రోజులూ నమాజే మానేస్తారు. ఇవి రెండూ ధర్మం తెలియక చేసే పనులు.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో ఒకరికి రాయి తగిలి తల పగిలింది. తరువాత ఆయనకు గుసుల్ అవసరమైంది. తనకు తయమ్ముమ్ అనుమతి ఉందా అని తోటివారిని అడిగారు. లేదన్నారు వారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఈ వార్త విని దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని మందలించారు. ఈ ఉల్లేఖనం చివర కట్టుపై మసహ్ చేసే ప్రస్తావన ఉంది. ఆ భాగం పరంపరపై హదీసువేత్తల మధ్య చర్చ ఉన్నా, కట్టుపై మసహ్ చెల్లుతుందని నాలుగు మస్లక్‌ల ఫుఖహా అంగీకరించారు.

వుజూ ఎలా చేయాలి?

1. కట్టు లేని భాగాన్ని, బయట ఉన్న వేళ్ళను, కట్టులోకి నీరు దిగకుండా జాగ్రత్తగా కడగాలి. ఇంట్లోవారి సాయం తీసుకోవచ్చు.

2. రెండో చేతిని తడిపి కట్టు మీద ఒకసారి మసహ్ చేయాలి. హనఫీ మస్లక్‌లో కట్టులో ఎక్కువ భాగం తడి చేయి తగిలితే చాలు. కట్టు కట్టేటప్పుడు వుజూతో ఉండాలన్న షరతు కూడా లేదు. షాఫయీ మస్లక్‌లో నియమాలు కొంత వేరు. వారు తమ ఆలిమ్‌ను అడగాలి.

3. తోలు మేజోళ్ళపై మసహ్‌కు ఉన్నట్లు దీనికి రోజుల గడువు లేదు. గాయం మానేవరకు చేయవచ్చు. మానాక కట్టు తీస్తే ఆ చోటు కడగాలి.

4. గుసుల్‌కూ ఇదే పద్ధతి. చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని మిగతా శరీరం కడగాలి.

నమాజులో చేయి

ఈ ఆపరేషన్ తరువాత అరచేయి మొదలును నేలకు నొక్కితే నొప్పి పుడుతుంది. కొందరికి అది కొన్ని నెలలు ఉంటుంది. అందుచేత సజ్దాలో ఆ చేతిని బరువు మోపకుండా నేలపై తేలికగా ఉంచాలి. అదీ కుదరకపోతే నుదురు ఆనించి, బరువు రెండో చేతిపై మోపాలి. లేచేటప్పుడూ రెండో చేతినే ఊతంగా తీసుకోవాలి. తక్బీర్‌లో చేయి ఎంత లేస్తే అంతే. నిలబడలేని వారు కూర్చుని, కూర్చోలేని వారు పక్కకు పడుకుని నమాజు చేయాలని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు. శక్తి మేరకే బాధ్యత అన్నది ఇక్కడి సూత్రం. తషహ్హుద్‌లో చూపుడువేలు ఎత్తడానికి జంకనక్కరలేదు. వేళ్ళు మెల్లగా కదుపుతూ ఉండమని డాక్టర్లే చెబుతారు.

కుడిచేతికి ఆపరేషన్ జరిగి ముద్ద కలపలేకపోతే చెంచాతో తినాలి. అదీ వీలుకాకపోతే ఎడమచేతితో తినడం కారణం ఉన్నందున దోషం కాదు.

తొందరపడకూడదు

కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు. రాత్రి తిమ్మిరి త్వరగానే తగ్గుతుంది గాని పట్టు బలం రావడానికి నెలలు పడుతుంది. డ్రిల్లు పట్టడం, బరువులెత్తడం వంటి పనులకు 6 నుంచి 12 వారాలు ఆగవలసి రావచ్చు. మస్టర్ పోతుందని నొప్పి దాచి షిఫ్టుకు దిగడం అల్లాహ్ అమానతుగా ఇచ్చిన శరీరానికి అన్యాయం. సింగరేణి కార్మికులకు గోదావరిఖనిలోనే సంస్థ ఏరియా ఆసుపత్రి ఉంది. తిమ్మిరి మొదలైనప్పుడే చూపించుకుని, చేసే పని ఏమిటో డాక్టరుకు వివరంగా చెప్పాలి.

వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా చెప్పారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించడమూ విధేయతే. కట్టు ఉన్న చేతితోనే నమాజు వేళకు నిలబడదాం. కష్టజీవుల చేతులకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.